ఫోన్ లేని రోజుల్లోనూ నాకు పరాకే

పాలు పొంగిన ప్రతిసారీ మా ఇంట్లో ముద్దాయి ఒక్కటే, ఫోను. పోయిన వారం కూడా అంతే. స్టవ్వు నిండా పాలు, మాడు వాసన, హాల్లోంచి మా అత్తయ్య గొంతు: "ఆ ఫోను అవతల పారేస్తే అన్నీ అవే సర్దుకుంటాయమ్మాయ్."

ఆ సమయానికి ఫోను పడగ్గదిలో ఛార్జింగులో ఉంది. నేను స్టవ్వు ముందే నిలబడి ఉన్నాను. గిన్నెకేసే చూస్తున్నాను కూడా. ఇంతలో ఎదురింటి సన్‌షేడ్ మీద ఒక కాకి తీగముక్క పట్టుకుని వాలింది. తీగ చూడగానే రెండు వారాలుగా వస్తానని రాని ఎలక్ట్రీషియన్ గుర్తొచ్చాడు. ఆయన వెనకే కరెంటు బిల్లు, బిల్లు వెనకే మా ఆఫీసులో మార్చాల్సిన మీటరు, ఆ వెనక ఇంకేదో. పాలు పొంగడం నా కళ్లతో నేను చూశాను. చూస్తున్నానన్న సంగతి బుర్రకి చేరేసరికి పొయ్యి ఆరిపోయింది.

అత్తయ్యకి ఇదంతా చెప్పలేదు. ముందు స్టవ్వు తుడవాలి కదా.

నాకు ఏడీహెచ్‌డీ ఉంది. 2024లో, నా 38వ ఏట, విజయవాడలో ఒక సైకియాట్రిస్టు తేల్చి చెప్పారు. పేపర్లలో దీన్ని 'అవధాన లోపం, అతి చురుకుదనం' అని రాస్తుంటారు. నన్ను చూసి అతి చురుకుదనం అన్నవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. మా అమ్మ మాట అంతకంటే సూటిగా ఉంటుంది: "దీనికి ఒళ్లంతా పరాకే." ఈ 'పరాకు' అనే మాట నాకు భలే నచ్చుతుంది. మామూలుగా పరాకు అంటే ధ్యాస లేకపోవడం. అదే రాజుగారు సభకి వస్తుంటే వందిమాగధులు 'బహుపరాక్' అని అరిచేది మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోమని. మాట ఒకటే, అర్థాలు ఎదురూ బొదురూ. నా బుర్ర కూడా అంతే. ధ్యాస లేక కాదు, దాని పగ్గం నా చేతిలో ఉండదు, అదీ గొడవ. తెల్లారితే జీఎస్టీ రిటర్న్ వేయాల్సిన రోజు, రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా కృష్ణ మీద ఆనకట్టల గురించి చదువుతూ కూర్చున్నాను. పాతది 1855లో పూర్తయింది, ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. ఆ మూడు గంటలూ ఇల్లు కూలినా కదిలేదాన్ని కాదు. రిటర్న్ మాత్రం ఆలస్య రుసుముతో కట్టాం.

జబ్బు పేరు నలుగురికీ చెప్పడం మొదలుపెట్టాక ఒకటే జవాబు వినిపిస్తోంది. "ఈ రోజుల్లో ఎవరికి లేదండీ అది? అంతా ఈ ఫోన్ల వల్లే." ఓదార్పుగానే అంటారు. మా బావగారైతే రీల్స్ చూస్తూనే అన్నారు.

నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో లెక్కలు చూస్తాను. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, లోపలికి వచ్చినప్పుడు లాటు నంబర్లు వేయడం, రైతుకి సరుకు దాచినట్టు బాండు రాయడం, బయటికి వెళ్లేటప్పుడు అవన్నీ సరిచూడటం నా పని. సీజన్లో మిర్చి యార్డు వైపు వెళ్లినవాళ్లకి ఎవరికైనా దగ్గొస్తుంది. హమాలీలు మూతికి తువ్వాలు చుట్టుకుంటారు, కొత్తవాళ్లు తుమ్ములతో కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అదే దారిలో ఆస్తమా ఉన్న మనిషి వెళ్తే దగ్గుతో ఆగదు, ఊపిరి అందదు. ఆయన ముందు నిలబడి "నాకూ దగ్గొస్తోంది కదండీ, ఈ ఊళ్లో అందరికీ ఆస్తమానే" అని ఎవరైనా అంటారా? ఆయనకి ఆస్తమా యార్డు వల్ల వచ్చింది కాదు. అలాగని యార్డు పక్కన ఇల్లు అద్దెకి తీసుకోమనీ ఎవరూ చెప్పరు. ఫోను సంగతీ, నా సంగతీ ఇదే. అది నాకు జబ్బు తెచ్చిపెట్టలేదు. ఉన్న జబ్బుకి అంతకంటే చెడ్డ పొరుగూ లేదు. ఈ రెండూ ఒకేసారి నిజమని ఒప్పుకోవడం మనవాళ్లకి ఎందుకో కష్టంగా ఉంది.

ఋజువు అడిగితే మా ఇంటర్ కాలేజీ చూపిస్తాను. 2001 నుంచి 2003 దాకా, విజయవాడ శివార్లలో రెసిడెన్షియల్. పేరు అనవసరం, అప్పట్లో అన్నీ ఒకలాగే ఉండేవి. పొద్దున్నే ఐదింటికి గంట, రాత్రి పదిన్నరకి లైట్లు ఆర్పడం. టీవీ లేదు, పేపరు లేదు, కథల పుస్తకం దొరికితే వార్డెన్ పట్టుకెళ్లేది. ఆదివారం కాయిన్ బాక్సు ముందు క్యూ, మనిషికి రెండు నిమిషాలు. ఇవాళ ఇలాంటి చోటుకి 'డిజిటల్ డిటాక్స్' అని పేరుపెట్టి కొండల మధ్యకి తీసుకెళ్లి డబ్బు గుంజుతున్నారు. మా నాన్న అప్పు చేసి ఫీజు కట్టి నాకు రెండేళ్లు చేయించారు.

ఆ రెండేళ్లలో నాకు ఏకాగ్రత కుదిరిందా? స్టడీ అవర్లో కిటికీ ఊచలు లెక్కపెట్టాను, పదిహేడు. హైవే మీద వెళ్లే లారీల హారన్లను బట్టి అది ఏ లారీయో, సరుకుతో వెళ్తోందో ఖాళీగా వెళ్తోందో ఊహించేదాన్ని. పేజీ ఒక్కొక్కటే తిప్పుతూ, చదువుతున్నట్టు కనిపించే విద్యలో నాకు స్టేట్ ఫస్ట్ రావాలి. ఫిజిక్స్ పరీక్షలో క్లాసులో ఎవరూ చేయని లెక్క చేసి, పేపరు వెనక పేజీ తిప్పడం మర్చిపోయి నాలుగు ప్రశ్నలు వదిలేశాను. సెక్షన్ దించారు. నెలకోసారి ఆవకాయ సీసాతో వచ్చే నాన్న, ప్రోగ్రెస్ రిపోర్టు చూసి ఏమీ అనేవారు కాదు, మడిచి జేబులో పెట్టుకునేవారు. ఆయన బస్సెక్కి వెళ్లిపోయాక రాత్రంతా నన్ను నేను తిట్టుకునేదాన్ని. "రేపటి నుంచి" అని నోటుబుక్కు చివరి పేజీలో టైంటేబుల్ గీసేదాన్ని, రంగు పెన్నులతో. ఆ టైంటేబుళ్లు మాత్రం చాలా ధ్యాసగా గీసేదాన్ని.

ఇప్పుడు చెప్పండి, అక్కడ ఫోను ఎక్కడుంది?

డాక్టరు గారు అడిగింది కూడా ఇదే, వేరే మాటల్లో. పెద్దయ్యాక మతిమరుపు వచ్చిందని వెళ్తే సరిపోదు. సైకియాట్రిస్టులు చూసుకునే డీఎస్ఎమ్-5 పుస్తకం 2013లో వచ్చింది. దాని ప్రకారం లక్షణాల్లో కొన్నయినా 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి. అంతకుముందు ఈ గీత ఏడేళ్ల దగ్గర ఉండేది. ఇంట్లోనో ఆఫీసులోనో ఒక్కచోట ఇబ్బంది పడితే చాలదు, కనీసం రెండు చోట్ల ఉండాలి. ధ్యాసకి సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో పెద్దవాళ్లకి ఐదు, పిల్లలకి ఆరు కలవాలి. బతుకు నడవడానికి అవి నిజంగా అడ్డం పడుతుండాలి. ఇంత జల్లెడ పడితే పిల్లల్లో నూటికి సుమారు ఐదుగురు, పెద్దవాళ్లలో ఇద్దరు ముగ్గురు తేలతారు. 'అందరికీ' అన్నది ఎక్కడా కుదరదు.

చిన్నప్పటి సాక్ష్యం కోసం అమ్మని వెంటపెట్టుకుని వెళ్లాను. అమ్మ రేకుపెట్టె అడుగున దాచిన ప్రోగ్రెస్ కార్డులు తెచ్చింది. నాలుగో తరగతి కార్డు మీద ఎర్ర సిరాతో, "తెలివి ఉన్నది. ధ్యాస లేదు. నిర్లక్ష్యం తగ్గించుకోవాలి." ఆరో తరగతిలో, ఎనిమిదిలో, చేతిరాతలు వేరు, వాక్యం అదే. నేను రామాలయానికి చెప్పులతో వెళ్లి ఒట్టికాళ్లతో మూడుసార్లు తిరిగొచ్చిన కథ అమ్మ చెబుతుంటే డాక్టరు గారు నవ్వారు, అమ్మ కూడా నవ్వింది. తిరిగి గుంటూరు బస్సులో మంగళగిరి దాటాక అమ్మ నెమ్మదిగా అంది. "అయితే అప్పుడు నిన్ను కొట్టినవన్నీ..." అని ఆగిపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

మగపిల్లాడు బెంచీ ఎక్కి దూకితే మాస్టారికి కనిపిస్తాడు. ఆడపిల్ల కిటికీ పక్కన బుద్ధిగా కూర్చుని ఎటో వెళ్లిపోతే ఎవరికి కనిపిస్తుంది? చిన్నప్పుడు ఈ జబ్బు మగపిల్లల్లోనే ఎక్కువగా పట్టుబడటానికి ఇదొక కారణం. నాలాంటి చాలామంది నలభై దగ్గర పడ్డాక, మనకే ఏదో తక్కువని సగం జీవితం నమ్మేశాక, తెలుసుకుంటున్నారు.

ఇంకొకటి. ఇది వంశంలో వచ్చేది. కవలల మీద చేసిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మనిషికీ మనిషికీ మధ్య ఇందులో కనిపించే తేడాల్లో 70 నుంచి 80 శాతం జన్యువులదే అని తేలింది. ఆ మాట వినగానే నాన్న గుర్తొచ్చారు. ఏటా వానాకాలంలో రెండు మూడు గొడుగులు పోగొట్టే తెలుగు మాస్టారు. ఆయనకి ఇప్పుడు పేరు తగిలించి ఏం లాభం, నేను చెప్పలేదు.

నాన్నే నన్ను ఎనిమిదో తరగతిలో బ్రాడీపేటలో ఒక అష్టావధానానికి తీసుకెళ్లారు. అవధానం అంటే ధ్యాస. అవధానిని ప్రశ్నలతో పరీక్షించే ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు, ఒకరు నాలుగు మాటలు దత్తపదిగా ఇచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. నాకు నచ్చింది మాత్రం అప్రస్తుత ప్రసంగి. ఆయనకి పద్యంతో పనిలేదు. అవధాని గారు పాదం అల్లుతుంటే మధ్యలో దూరి "అవధాని గారూ, మీ ఇంట్లో ఇవాళ కూరేమిటి?" అంటాడు. సభంతా నవ్వుతుంది. అవధాని చమత్కారంగా జవాబిచ్చి, వదిలిన పాదం దగ్గరికే తిరిగొస్తారు. ఆ తిరిగి రావడం చూసి నాకు ఏడుపొచ్చింది, అప్పుడు ఎందుకో తెలియలేదు. నాన్న మాత్రం, "ఆ అప్రస్తుతం లేకపోతే మజా ఏముందే" అన్నారు.

ఇవాళ ఆ పృచ్ఛకుడు నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాడు. తేడా ఏమిటంటే, సభలో ఆయన ఒక్కడు, సాయంత్రానికి శాలువా కప్పుకుని ఇంటికి వెళ్లిపోతాడు. ఫోనులోవాడు వెళ్లడు. పైగా నేను దేని దగ్గర రెండు సెకన్లు ఎక్కువ ఆగానో రాసిపెట్టుకుని, రేపు దాన్నే అడుగుతాడు.

పాత రోజుల్లో ప్రతిదానికీ ఒక చివర ఉండేది. వారపత్రిక ఆఖరి పేజీ వచ్చేది, సీరియల్ 'ఇంకా ఉంది' అని ఆగేది, రాత్రికి టీవీలో ప్రసారాలు అయిపోయేవి. నాలాంటివాళ్లకి బ్రేకు లోపల సరిగ్గా పనిచేయదు కాబట్టి ఆ చివరే మా బ్రేకు. దాన్ని పీకేశారు. కిందికి జరిపేకొద్దీ అంతులేకుండా వచ్చే పేజీని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనరు తయారుచేశాడు, తర్వాత అయ్యో అనుకున్నాడు కూడా. మన దగ్గర 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటాకి లెక్క లేకుండా పోయింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు, అమ్మయ్య అనుకునేలోపే జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్. మూడు నెలలు తిరక్కుండానే ఖాళీ నిండిపోయింది. పేకాట ఆడేవాళ్లని చూడండి, చేతిలో ఉన్న ముక్క మీద కాదు వాళ్ల ప్రాణం, తర్వాతి ముక్క మీద. రీల్ కూడా అంతే. పది చెత్తవి వచ్చాక పదకొండోది బాగుంటుంది, ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకే వేలు ఆగదు. మామూలు మనిషి అరగంటకి విసుగొచ్చి పక్కన పెడతాడు. నాకు ఆ విసుగు రావడానికి తెల్లవారుతుంది.

నా వాదానికి ఎదురు వెళ్లే సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మోసం. 2018లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో ఒక అధ్యయనం వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో 15, 16 ఏళ్ల పిల్లలు 2,587 మంది, మొదట్లో ఏడీహెచ్‌డీ లక్షణాలు లేనివాళ్లు. రెండేళ్లు గమనించారు. డిజిటల్ మీడియా ఏదీ అతిగా వాడని పిల్లల్లో తర్వాత ఆ లక్షణాలు కనిపించింది 4.6 శాతంలో, అధ్యయనంలో అడిగిన పద్నాలుగు రకాలనీ అతిగా వాడినవాళ్లలో 10.5 శాతంలో. ఇవి పిల్లలు తమ గురించి తాము చెప్పినవి, డాక్టరు తేల్చినవి కావు. ముందే లోపల కుదురు లేని పిల్లలే ఫోనుకి అతుక్కున్నారేమో అన్న అనుమానం కూడా పోదు. అయినా దాన్ని తీసిపారేయను. మిర్చి ఘాటు ఏళ్ల తరబడి పీలిస్తే మంచి ఊపిరితిత్తులు కూడా బాగుంటాయని నేను అనలేదు కదా.

ఇంతకీ నాకు ఈ జబ్బు పేరు చెప్పింది ఎవరు? రీలే. 2023లో ఒక రాత్రి ఒంటిగంటకి ఒకమ్మాయి, మడతపెట్టని బట్టలు గుట్టగా ఉన్న కుర్చీ చూపించి, "ఇది మీ ఇంట్లో ఉంటే మీకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టే" అంది. నా గుండె ఆగినంత పనయింది. ఆ వారంలో అలాంటివి ఒక ఎనిమిది మా ఆయనకి పంపాను. ఆయన ఓపిగ్గా అన్నీ చూసి, "ఇందులో సగం నాకూ ఉన్నాయి. కుర్చీ మీద బట్టలు లేని ఇల్లు మన వీధిలో చూపించు" అన్నారు. నిజమే అన్నారు. అందుకే ఇంకో ఏడాది ఆలస్యమైంది. కెనడాలో 2022లో టిక్‌టాక్‌లో బాగా చూసిన 100 ఏడీహెచ్‌డీ వీడియోల్ని పరిశీలిస్తే 52 తప్పుదారి పట్టించేవేనని తేలింది. పాట నోట్లో తిరుగుతుంటే ఏడీహెచ్‌డీ, టీ చల్లారిపోతే ఏడీహెచ్‌డీ. వీళ్లు జబ్బుని ఎంత చవక చేస్తే "అందరికీ ఉందిలే" అనేవాళ్లకి అంత బలం. నాకు దారి చూపించినవాళ్ల మీద ఇలా రాయడం కృతఘ్నతేమో. అయినా రాస్తున్నాను.

మందు గురించి నాలుగు మాటలు. నాకు రాసింది మిథైల్‌ఫెనిడేట్. ఇది మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు. డాక్టరు చీటీ రెండు ప్రతులుగా రాయాలి, షాపువాళ్లు ఒకటి రెండేళ్లు దాచాలి. అన్ని షాపుల్లో ఉండదు. మతిమరుపు మనిషికి ఇచ్చే మందు కోసం చీటీ తేదీ గుర్తుపెట్టుకోవాలి, ప్రతి చోటా తీసుకెళ్లాలి, అయిపోకముందే వెళ్లాలి. ఈ రూలు రాసినాయనకి హాస్యం బాగా తెలుసు. మొదటి రోజు వేసుకున్నాక ఆశ్చర్యమేమీ కలగలేదు. మధ్యాహ్నం పన్నెండుకి చూసుకుంటే రిజిస్టరు పూర్తయి ఉంది. విజయవాడ బస్టాండులో అనౌన్స్‌మెంట్లు ఒక్కసారిగా ఆగితే ఎలా ఉంటుందో అలా ఉంది తలలో. మామూలు మనుషులు రోజూ ఇంత నిశ్శబ్దంలో పనిచేస్తున్నారా అని కోపం వచ్చింది. మందుతో పరాకు పోలేదు. పాల సంగతి చెప్పానుగా.

"మనసు గట్టిగా పెట్టుకుని ఫోను మానెయ్" అనే సలహా నేను కూడా పాటించాను, ఓ పాతికసార్లు. నాలుగో రోజుకి ఎవరికీ తెలియకుండా పాత ఫోను బయటికి తీసేదాన్ని. మనసు గట్టిగా పెట్టుకోవడం అన్నదే నాలో సరిగ్గా పనిచేయని భాగం. కుంటివాణ్ణి పరిగెత్తి కాలు బాగుచేసుకోమన్నట్టుంటుంది. పనికొచ్చింది ఒక్కటే, నా చేతుల్లోంచి తీసి ఇంకొకరి చేతుల్లో పెట్టడం. ఆఫీసులో లాట్లు సరిచూసే రెండు గంటలు ఫోను వాచ్‌మన్ బాబాయ్ దగ్గర ఉంటుంది. మొదట్లో ఆయన ఇబ్బందిపడేవాడు, ఇప్పుడు అడిగినా ఇవ్వడు. రాత్రి తొమ్మిదికి అత్తయ్య తీసుకుని బియ్యం డబ్బాలో వేస్తుంది. ఈ పని అప్పగించాక ఆవిడకి నా జబ్బు మీద కాస్త నమ్మకం కుదిరినట్టుంది, ఫోను మీద కోపం మాత్రం తగ్గలేదు.

ఇక నేను జవాబు చెప్పలేని చోటుకి వచ్చాను. మా అబ్బాయి. పదేళ్లు, ఐదో తరగతి. పోయిన నెల వాళ్ల టీచరు వాట్సాప్‌లో పెట్టారు: "బాబు తెలివైనవాడు, కానీ క్లాసులో దృష్టి నిలపడం లేదు." ఎర్ర సిరా లేదు, అంతే తేడా.

నా విషయంలో ఫోనుకి ముందు ఒక కాలం ఉంది. రేకుపెట్టెలో కార్డులున్నాయి, ఇంటర్ హాస్టలుంది, పదిహేడు ఊచలున్నాయి. వాడికి అలాంటి 'ముందు' ఎక్కడిది? వాడు పుట్టిన మరుసటి ఏడు జియో వచ్చింది. చందమామని చూపించి తినిపించాల్సిన ముద్దలు నేను బొమ్మల వీడియోలు పెట్టి తినిపించాను, ఎందుకంటే అలా అయితే వాడు కదలడు, నేనూ అదే తెరలోకి చూడొచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకి తెరలు వద్దని, నాలుగేళ్లదాకా రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పేటప్పటికి వాడు పాస్‌వర్డ్ కూడా కొట్టేవాడు. ఇప్పుడు వాడు కిటికీ వైపు చూస్తుంటే అది మా నాన్న నుంచి నాకు, నా నుంచి వాడికి వచ్చిన పరాకా, నేను చేతిలో పెట్టిన ఫోను తెచ్చిన పరాకా? యార్డు పక్కనే పుట్టిన బిడ్డ దగ్గుతుంటే ఏం చెప్తాం? పైన ఇంత వాదించినదాన్ని, వాడి దగ్గరికి వచ్చేసరికి "ముందు ఆ ట్యాబ్ అవతల పెట్టరా" అని అరుస్తున్నాను, అచ్చం మా అత్తయ్యలాగే.

డాక్టరు గారు తొందరపడొద్దన్నారు. రెండు ఫారాలు ఇచ్చారు, ఒకటి టీచరుకి, ఒకటి మాకు. ఇంట్లో ఎలా ఉంటాడో, స్కూల్లో ఎలా ఉంటాడో వేర్వేరుగా చూడాలట. టీచరు తన ఫారం రెండో రోజే నింపి పంపించారు. మాది మూడు వారాలుగా నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఇవాళ దాన్ని నింపుదామనే కూర్చున్నాను, మొదటి ప్రశ్న దగ్గర ఇది రాయడం మొదలుపెట్టాను.